దండెం మీద పదిహేను మాటలు

తలుపు మూసుకుంది, ఇక గంటదాకా తెరుచుకోదు. దాని మీద "పరీక్ష జరుగుతోంది, మాట్లాడవద్దు" అనే బోర్డు ఆరేళ్ళ కిందట నేనే తగిలించాను, కానీ ఎప్పుడూ లోపలివైపే కూర్చున్నదాన్ని కాబట్టి బయటివాళ్ళకి ఆ అక్షరాలు ఎంత కటువుగా కనబడతాయో ఈరోజే తెలిసింది. లోపల అమ్మ. అమ్మకి ఎదురుగా పొడుగక్క, అంటే నాకంటే ఎనిమిదేళ్ళు ముందు ఈ ఆసుపత్రిలో చేరిన సీనియరు. ఏ గుమ్మమైనా తల వంచే దాటుతుంది, అందుకని అందరం అలాగే పిలుస్తాం, ఆవిడా పలుకుతుంది. మా ఇద్దరి పనీ ఒకటే. మతిమరుపు వస్తోందని వచ్చినవాళ్ళని బల్లకి అటువైపు కూర్చోబెట్టి, మాటలు చదివి వినిపించి, అంకెలు వెనకనుంచి చెప్పించి, గడియారం బొమ్మ గీయించి, ఎన్ని చెప్పారో కాగితం మీద వేసి డాక్టరుగారికి పంపడం. సొంతవాళ్ళని మనం పరీక్షించకూడదు. మంచి నియమమే, ఎందుకంటే కూతురు ఎదురుగా ఉంటే తల్లి ఆ మొహం చూసే జవాబు పట్టేస్తుంది, కనుబొమ కొంచెం కదిలినా చాలు. అందుకని నేను ఇక్కడ, ఒకదానికొకటి బిగించేసిన ఈ ఆకుపచ్చ కుర్చీల వరసలో, మూడో దాంట్లో, ఒళ్ళో అమ్మ చేతిసంచి పెట్టుకుని.

గోడ ప్లైవుడ్డుది. మాటలు విడిగా తెలియవు, గొంతుల ఎత్తుపల్లాలు తెలుస్తాయి, నాకు అవి చాలు. ఇప్పుడు తేదీ అడుగుతోంది. ఇప్పుడు వారం. అమ్మ నవ్వింది, అంటే తెలియలేదన్నమాట. తెలియనివాళ్ళు ముందు నవ్వుతారు, తరవాత "రిటైరైనదానికి అన్నీ ఆదివారాలే కదమ్మా" అంటారు, మేం కూడా నవ్వి సున్నా వేస్తాం. ఇప్పుడు జాబితా. సెకనుకొక మాట, పదిహేను మాటలు, ఎక్కడా ఒత్తు పడకుండా, నల్లాలోంచి చుక్కలు పడ్డట్టు. ఆ మాటలు ఇక్కడ రాయను. బయటపెట్టనని సంతకం చేశాను, పైగా మన భాషలో సరిగ్గా తూచి తయారుచేసిన జాబితా ఇదొక్కటే ఉంది, రెండోది చేద్దామని ఆరేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాం, ఇది కాస్తా పొక్కిపోతే ఎవరి మతిమరుపునీ కొలవలేం. మొదటిది ఒక జంతువు, రెండోది వంటింటి సామాను అని మాత్రం చెప్పగలను. అంతమాత్రానికి ఎవరూ పాసైపోరు. అమ్మ మాత్రం పాసవుతుంది. నాకున్న భయమంతా అదే.

అమ్మ ముప్పై ఏళ్ళు ఒక హోటలు లాండ్రీలో చేసింది. తడి దుప్పటి అంచు రెండు చేతులతో సాగదీసి వేడి రోలరుకి అందించడం, అవతలివైపు ఇంకొకామె దాన్ని పట్టుకోవడం, ఇద్దరూ ఎదురెదురుగా నడిచొచ్చి మడత వేయడం, రోజుకి నాలుగువందల దుప్పట్లు. అక్షరాలు రావు, సంతకం నేనే నేర్పాను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినదాన్ని నేనొక్కదాన్నే, మనసు గురించి చదువుతున్నానంటే చుట్టాలు "పిచ్చోళ్ళ చదువా?" అనేవారు, అమ్మ ఏమీ అనేది కాదు, అనడానికి ఆవిడకి అదేంటో తెలిస్తే కదా. చివరి ఏడాది పరీక్ష చేయడం నేర్పారు. నాది బెదురు గొంతు. క్లాసులో అందరి ముందూ చదివితే ఏడో మాట దగ్గర తడబడేదాన్ని, తోటివాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. జాబితా ఆ గది దాటకూడదు. నేను దాటించాను. నోటుపుస్తకం అట్టలో మడిచిపెట్టి ఇంటికి తెచ్చుకున్నాను, ఎనిమిది నెలలు, రోజూ సాయంత్రం, ఉన్న ఒక్క మనిషి మీదా చేసి నేర్చుకున్నాను. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుని, స్టూలు మీద బిగదీసుక్కూర్చుని "డాక్టరమ్మగారూ, రోగి వచ్చింది" అనేది. ఇన్నేళ్ళ నా చదువులో ఆవిడ చేయగలిగిన పని అదొక్కటే దొరికింది, ఎంత సంబరంగా చేసిందో. మొదటిరోజు ఐదు మాటలు చెప్పింది. రెండో వారానికి తొమ్మిది. నెల తిరిగేసరికి పదిహేనుకి పదిహేను, వరస తప్పకుండా. ఎలా గుర్తుపెట్టుకున్నావమ్మా అంటే "దండెం మీద ఆరేశానే" అంది. "ఒక్కో మాటకీ ఒక్కో క్లిప్పు. మొదటిది పాపం తడిసి ముద్దైపోయి, తోకకి క్లిప్పు పెట్టేసరికి ఒకటే అరుపు." పూర్వం పెద్ద పెద్ద ఉపన్యాసాలు కాగితం లేకుండా చెప్పేవాళ్ళు, తెలిసిన ఇంట్లో గదిగదికీ ఒక్కో సంగతిని పెట్టుకుంటూ మనసులో నడిచేవారని మా మేడమ్ చెబితే నేను నోట్సు రాసుకున్నాను. అమ్మ ఆ నోట్సు అవసరం లేకుండానే అక్కడికి చేరింది.

పక్క కుర్చీలో ఒకాయన కూర్చున్నాడు. బస్సు నడిపి రిటైరయ్యాడట, భార్యని రెండో గదిలోకి తీసుకెళ్ళారు. కూర్చున్నా కుడికాలు బ్రేకు మీద ఉన్నట్టే నొక్కుతోంది.

"లోపల ఎవరమ్మా?"

"మా అమ్మండీ."

"గట్టి మనిషేనా?"

"గట్టిదేనండీ."

"మా ఆవిడా గట్టిదే. నలభై ఏళ్ళ కిందట నేనన్న మాటలు తేదీలతో సహా చెబుతుంది. స్టవ్వు కట్టేయడం ఒక్కటే గుర్తుండదు." నవ్వాడు, నవ్వు సగంలో ఆపేసి తలుపు వైపు చూశాడు. "ఇందులో పాసవడం మంచిదా, తప్పడం మంచిదా?"

రోజూ అడుగుతారు ఈ ప్రశ్న. రోజూ ఒకే జవాబు చెబుతాను: పాసూ ఫెయిలూ లేవండీ, ఉన్నది ఉన్నట్టు తెలియడమే మంచిది. ఈరోజూ అదే చెప్పాను. నా గొంతు బెదరలేదు, అమ్మ పుణ్యాన ఎప్పుడో నేర్చుకుంది కదా.

ఉన్నది ఉన్నట్టు. పొద్దున్న ఫారం నింపాను. పేరు, వయసు, చదువు, పని. తొమ్మిదో గడిలో "ఈ పరీక్ష ఇంతకుముందు చేయించుకున్నారా?" దాని కింద అవును, లేదు. నా పెన్ను లేదు మీద టిక్కు పెట్టింది. పెన్ను పెట్టిందట, నేను కాదట, చూడండి మనిషి మాట ఎలా జారుకుంటుందో. ఆ టిక్కు పెట్టేటప్పుడు నా లోపల ఏం జరిగింది? మా చదువు పుట్టిన మొట్టమొదటి ప్రయోగశాలల్లో మనుషుల్ని కూర్చోబెట్టి గంట కొట్టి, ఇప్పుడు నీ మనసులో ఏం కలిగిందో నువ్వే లోపలికి చూసి చెప్పు అనేవారట. బాగా శిక్షణ ఇచ్చి మరీ అడిగేవారు. అయినా ఒక ఊళ్ళో వాళ్ళకి కనిపించింది ఇంకో ఊళ్ళో వాళ్ళకి కనిపించేది కాదు, ఎవరిది నిజమో తేల్చే దారి లేకపోయింది. నేనూ ఇప్పుడు చూస్తున్నాను లోపలికి. చేయించుకోవడం వేరు, ఇంట్లో ఆటగా కూర్చోవడం వేరు అనుకున్నానని ఒక గొంతు అంటోంది. ఆరేళ్ళయింది, ఈపాటికి మరిచిపోయి ఉంటుందిలే అనుకున్నానని ఇంకోటి. ఏదీ అనుకోలేదు, చెయ్యి దానంతట అదే కదిలిందని మూడోది. తరవాత వచ్చినవాళ్ళకి విసుగెత్తి, లోపలి సంగతి మాకొద్దు, మనసొక మూసిన పెట్టె, దానికేం తగిలిందో అదేం చేసిందో బయటినుంచి చూసింది మాత్రమే రాయండి అన్నారు. సరే, బయటినుంచే రాస్తాను. కూతురు, వయసు ముప్పై ఒకటి. ముందు కాగితం. కాగితంలో ప్రశ్న. అబద్ధం మీద టిక్కు. అంతే. ఈ లెక్కలో నాకు దాక్కోవడానికి ఒక్క మూల కూడా లేదు.

కానీ పెట్టె మూసే ఉంచడం కుదరలేదు కదా వాళ్ళకి కూడా. చివర తిండి పెట్టకుండా చిక్కుదారుల్లో ఊరికే తిరగనిచ్చిన ఎలుకలు, తిండి పెట్టిన రోజున దగ్గరదారిన పరిగెత్తాయి, అంటే అన్నాళ్ళూ తలలో పటం గీసుకుంటూనే ఉన్నాయన్నమాట. పిల్లలు ఎవరూ నేర్పని వాక్యాలు మాట్లాడారు. ఆపైన కంప్యూటర్లు వచ్చాయి, పెట్టెని తెరిచి లోపల ఇంకా చిన్న పెట్టెలు గీశారు: చెవిన పడింది ఇందులోకి, కాసేపు పట్టి ఉంచుకునేది అందులోకి, మళ్ళీ మళ్ళీ అనుకుంటే చాలాకాలం ఉండేది ఆ పెద్దదాంట్లోకి, మధ్యలో బాణాలు. నాకు ఆ బొమ్మ చాలా ఇష్టంగా ఉండేది. లాండ్రీలాగే అనిపించేది. మురికివి ఇటు, తడివి అటు, మడతలు ఆ అరలోకి. అమ్మకి చెబితే "మరి ఒకళ్ళ దుప్పటి ఇంకొకళ్ళ గదికి పోతే?" అంది. దాని గురించీ చదివాను తరవాత. జ్ఞాపకం దాచిపెట్టిన దుప్పటిలాంటిది కాదట, తీసిన ప్రతిసారీ కొత్తగా నేయాల్సిందేనట, మనకి తెలిసిన పద్ధతిలోకి, మనకి నచ్చే రంగులోకి. అందువల్లే ఎవరి కథలోనైనా వాళ్ళు కొంచెం మంచివాళ్ళుగా మిగులుతారు.

అమ్మ ఇప్పుడు అంకెలు వెనకనుంచి చెబుతోంది. మూడంకెలు అయ్యాయి. నాలుగు దగ్గర ఆగింది. పొడుగక్క ఎదురుచూస్తోంది. అక్కడ సాయం చేయకూడదు, తల ఆడించకూడదు, "ఊఁ" అనకూడదు, మొహం గోడలా పెట్టుకోవాలి. ఆ మొహం నేర్చుకోవడమే ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టం, ఒకసారి వచ్చాక తీసేయడం ఇంకా కష్టం. ఇంటికెళ్ళాక కూడా అదే మొహం. ఉద్యోగం వచ్చిన కొత్తలో అమ్మ స్టూలు లాక్కుని "ఇవాళ పరీక్ష లేదా?" అనేది. అయిపోయిందమ్మా, పాసైపోయాను, ఇక అక్కర్లేదు అన్నాను. మళ్ళీ మర్నాడు అడిగింది. కొన్నాళ్ళకి మానేసింది. స్టూలు మీదకి ఇస్త్రీ బట్టలు వచ్చి చేరాయి. పగలంతా పరాయివాళ్ళ జ్ఞాపకాలు అడిగి అడిగి ఇంటికొస్తే ఎవరినీ ఏమీ అడగాలనిపించేది కాదు, ఆవిడ వంటింట్లో, నేను ముందుగదిలో, మధ్యలో ఫ్యాను చప్పుడు. ఇప్పుడు లెక్కేసుకుంటే మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడుకున్నది ఆ ఎనిమిది నెలలే, అది కూడా నావి కాని పదిహేను మాటలు.

అలమారలో పదకొండు సబ్బులు దొరికాయి మొన్న. ఒక్కొక్కటీ ఒక్కో రోజు, ఇంట్లో సబ్బు లేదనుకుని కొన్నవి. పాలు పొయ్యి మీద పెట్టి స్నానానికి వెళ్ళింది, గిన్నె మాడిపోయి ఇల్లంతా పొగ, పక్కింటావిడ తలుపు బాదింది. కిందటి నెల తెల్లారుజామునే లేచి, రిటైరై రెండేళ్ళయిందని గుర్తులేక, లాండ్రీ గేటు దగ్గరికెళ్ళి నిలబడింది. సూపర్‌వైజరు ఫోను చేస్తే పరిగెత్తాను. అమ్మ లోపల ఉంది, రోలరు దగ్గర, ఎవరో జాలిపడి రానిచ్చినట్టున్నారు, దుప్పటి అంచు పట్టుకుని ఎప్పటిలాగే సాగదీస్తోంది, అవతలామె కంటే వేగంగా. చేతులకి అంతా తెలుసు. కొత్త సంగతి ఒక్కటీ నిలవని రోగి ఒకాయన, అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం రోజురోజుకీ బాగా నేర్చుకున్నాడట, నేర్చుకున్న సంగతి మాత్రం రోజూ మరిచిపోయేవాడట. జ్ఞాపకం ఒక్కటి కాదని, ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుందని ఆయన వల్లే తెలిసింది. తల ఒక్కటే మనసు కాదు, చేతులు, పనిముట్లు, నిలబడ్డ గది, ఎదుటి మనిషి అన్నీ కలిస్తేనే ఆలోచన అనే వాళ్ళు ఆ తరవాత వచ్చారు. వాళ్ళ మాట నేను అక్కడ నిలబడి నమ్మాను. రోలరు దగ్గర అమ్మకి ఏ జబ్బూ లేదు.

కాగితం మీద "సాధారణం" అని పడితే డాక్టరుగారు ఫైలు మూసేస్తారు. తల స్కాను రాయరు, మందు మొదలుపెట్టరు, మళ్ళీ ఏడాదికి రమ్మంటారు. ఆ ఏడాదంతా నేను ఇక్కడ, అమ్మ అక్కడ పొయ్యితో ఒక్కతే. నోరు విప్పితే, జాబితా బయటికి తీసుకెళ్ళినందుకు నా ఉద్యోగం పోవచ్చు; పోయినవాళ్ళున్నారు. అది పోతే మందు కొనేదెవరు? ఇలా అనుకుంటుంటే నోరు మూసుకోవడమే కర్తవ్యంలా కనిపిస్తుంది. ఇదీ ఒక నేతే.

ఆరేళ్ళయింది, మరిచిపోయి ఉంటుందిలే అనుకున్నాను అన్నాను కదా ఇందాక. అది అబద్ధం. ప్రతి కుటుంబానికీ నేనే చెబుతాను, ఈ జబ్బులో ముందు పోయేది నిన్నటిది, పాతవి చివరిదాకా ఉంటాయి, అందులోనూ వల్లెవేసినవి గట్టిగా ఉంటాయి అని. తెలియక కాదు. అంతేకాదు, విన్నాను. ఆరేళ్ళుగా వింటూనే ఉన్నాను, మూడు వారాల కిందట కూడా విన్నాను. బాల్కనీలో బట్టలారేస్తూ, క్లిప్పుకొకటి చొప్పున, లోగొంతుకతో, మొదటిది, రెండోది, మూడోది, పదిహేనూ. నేను ముందుగదిలో టీ తాగుతున్నాను. అమ్మ బాగానే ఉంది అనుకున్నాను. ఈ పరీక్షలో బాగానే ఉంటుంది, పొడుగక్క కాగితం మీద సాధారణం అని రాస్తుంది, ఆ కాగితం చూసి నేను కూడా నమ్మేస్తాను అనుకున్నాను. అపాయింట్‌మెంటు మర్నాడే తీసుకున్నాను. అలా తీసుకున్నాను నేను.

జాబితా చదివి అరగంట అయింది. కుర్చీ కిర్రుమంది. ఇందాకటి మాటలు మళ్ళీ చెప్పమంటోంది. అమ్మ గొంతు లేచింది, గోడకి ఇవతలికి కూడా పదును తెలుస్తోంది, ఎక్కడా తడుముకోకుండా ఒక్కో మాటా తీసి బల్ల మీద పెడుతోంది. పదమూడు. పధ్నాలుగు. పదిహేను. పొడుగక్క "అబ్బ!" అంది. నా ఆరేళ్ళ సర్వీసులో పరీక్ష గదిలో ఆవిడ అలా అనడం నేను వినలేదు.

తలుపు తెరుచుకుంది. అమ్మ ముందు వచ్చింది, మొహం వెలిగిపోతోంది, కాలేజీ రిజల్టు వచ్చిన రోజున నా మొహం అలా ఉండి ఉంటుంది. వెనక పొడుగక్క తల వంచి గుమ్మం దాటింది.

"ఏంటే, దిగాలుగా కూర్చున్నావు? అన్నీ చెప్పేశాను. ఈవిడే నోరెళ్ళబెట్టింది, అడుగు."

"నిజమేనమ్మా. నాకే రావు అన్ని. తేదీ తప్పారు, అంకెలు కొంచెం తగ్గాయి, కానీ ఇలాంటి జ్ఞాపకం ఉన్నావిడకి జబ్బేంటి? హాయిగా ఇంటికి తీసుకెళ్ళు. సంతకం పెట్టేసి పంపేస్తాను."

డ్రైవరుగారు కూడా లేచి నిలబడి "గట్టి మనిషే" అన్నట్టు తలాడించాడు. అమ్మ ఆయనకి కూడా నమస్కారం పెట్టింది. అందరూ సంతోషంగా ఉన్నారు. నేను ఊరుకుంటే చాలు, పనంతా వాళ్ళే చేసేస్తారు.

"సంతకం పెట్టకండక్కా."

"ఏం?"

"ఆ మాటలు అమ్మకి ముందే తెలుసు. చదువుకునేటప్పుడు జాబితా ఇంటికి తీసుకెళ్ళి అమ్మ మీదే ప్రాక్టీసు చేశాను. ఫారంలో లేదని రాసింది నేనే."

పొడుగక్క మొహం గోడలా మారిపోయింది. అది నాకు బాగా తెలిసిన మొహం, దాని కింద ఏముందో మాత్రం ఇప్పటిదాకా ఎప్పుడూ ఆలోచించలేదు. ఆవిడ నన్ను వదిలి అమ్మ వైపు తిరిగింది. "నిజమా అమ్మగారూ? ఈ మాటలు ఇంతకుముందు విన్నారా?"

అమ్మ నా వైపు చూసింది.

"ఎక్కడ విన్నానమ్మా? ఇవాళే, నువ్వు చదివితేనే. దీనికి చిన్నప్పట్నుంచీ ఇంతే, లేనిపోని తప్పులు నెత్తినేసుకుంటుంది. దీని మాటలు రాసుకోకు తల్లీ, ఉద్యోగం గల పిల్ల."

గొంతు మామూలుగా ఉంది. కళ్ళు మామూలుగా ఉన్నాయి. ఆరేళ్ళలో కొన్ని వేలమంది మొహాలు చదివాను, అబద్ధం చెప్పేవాళ్ళ రెప్పలు ఎలా కదులుతాయో, మరిచిపోయినవాళ్ళ చూపు ఎటు పోతుందో నాకు తెలుసు అనుకునేదాన్ని. మాట మిగిలి ఆ మాట ఎవరు చెప్పారన్నది చెరిగిపోవడం ఈ జబ్బులో తొందరగానే మొదలవుతుంది, అది పుస్తకంలో ఉంది. కూతురి ఉద్యోగం కాపాడడానికి తల్లి చూస్తూ చూస్తూ అబద్ధమాడడం ఏ పుస్తకంలోనూ లేదు, కానీ అమ్మ ఆడగలదు. ఆ స్టూలు, ఆ తడి చేతులు, డాక్టరమ్మగారూ అన్న పిలుపు, అవన్నీ ఆ నుదుటి వెనక ఉండి తలుపేసుకున్నాయా, లేక అక్కడ అసలేమీ లేక ఇక నా ఒక్కదాని దగ్గరే మిగిలాయా? అడిగితే చెబుతుంది. ఏం చెప్పినా నాకు తెలియదు.

"నేనే నేర్పానక్కా," అన్నాను. "ఎనిమిది నెలలు. రాసుకోండి. స్కానుకి కూడా రాయమనండి."

పొడుగక్క నా పక్క కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీద కాగితం వెనక్కి తిప్పి పెన్ను మూత తీసింది. "ఏ నెల నుంచి?" అంది. చెప్పడం మొదలుపెట్టాను, ఏ నెల, ఏ గది, సాయంత్రం ఎన్నింటికి, మొదటిరోజు ఎన్ని మాటలు. అమ్మ అటుపక్కన కూర్చుని, ఒళ్ళోకి చేతిసంచి తీసుకుని, ఎవరో ఇద్దరు తెలియని మనుషుల కథ వింటున్నట్టు, ఎక్కడా అడ్డు రాకుండా, మర్యాదగా వింటోంది.